బ్లాకులు లేవన్న తీర్పు

గుండె ఆస్పత్రుల్లో రోజూ వినబడే తీర్పు ఒకటుంది: "యాంజియోలో బ్లాకులేం లేవమ్మా. గుండె బంగారంలా ఉంది. గ్యాస్ మాత్ర రాస్తున్నా, టెన్షన్ పెట్టుకోకండి." తెల్లవారుజామున మంచం మీదే ఛాతీ పట్టేసి, లేచి నాలుగడుగులు వేసేలోగా కళ్ళు బైర్లు కమ్మి పడిపోయిన మనిషికి ఈ మాట చెప్పి ఇంటికి పంపేస్తున్నారు. ఇంట్లోవాళ్ళు దేవుడికి దణ్ణం పెట్టుకుని బిల్లు కట్టి వచ్చేస్తారు. ఆ తీర్పులో అబద్ధం లేదు, సగం నిజం ఉంది. ఆ సగమే మొత్తంగా చలామణి అవుతోంది. దాన్ని నమ్మి ఇంటికి చేరినవాళ్ళలో కొందరు రెండోసారి పడిపోయి ఇక లేవడం లేదు.

గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు కొవ్వు పేరుకుంటేనే మూసుకుపోతాయని జనం అనుకుంటే అర్థం ఉంది, వైద్య వ్యవస్థ కూడా అలాగే నడుచుకుంటేనే తప్పు. ఆ ధమనుల గోడల్లో కండరం ఉంది. నిద్రలో పిక్క పట్టేసినట్టే ఆ కండరమూ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. దాన్నే కరోనరీ స్పాజం అంటారు. కొన్ని నిమిషాలపాటు నాళం దాదాపు పూర్తిగా మూసుకుపోతుంది, తర్వాత తనంతట తానే వదులవుతుంది. ఆ నిమిషాల్లో ఏ నాళం బిగుసుకుందన్నదాన్ని బట్టి మనిషి రాత ఉంటుంది. కుడి ధమని అయితే గుండె పై గదుల నుంచి కింది గదులకు వెళ్ళే విద్యుత్ సంకేతం తెగిపోవచ్చు. నాడి బాగా మందగిస్తుంది, ఒక్కోసారి కొన్ని సెకన్లపాటు గుండె కొట్టుకోవడమే మానేస్తుంది. ఎడమవైపు గుండె ముందు భాగానికి దిగే ధమని అయితే కింది గదులు అదుపు తప్పి పరుగెత్తుతాయి. అది వెంట్రిక్యులర్ టాకికార్డియా. ముదిరితే ఫిబ్రిలేషన్, అంటే గుండె వణకడమే తప్ప రక్తం తోయకపోవడం. బిగుసుకున్న నాళం విడివడి రక్తం మళ్ళీ దూసుకొచ్చే క్షణం కూడా తక్కువ ప్రమాదం కాదు, లయ తప్పేది ఒక్కోసారి అప్పుడే. మెదడుకు రక్తం అందక మనిషి కూలిపోతాడు. లయ సర్దుకుంటే లేచి కూర్చుని మంచినీళ్ళు అడుగుతాడు.

అలా లేచినవాడు ఆస్పత్రికి చేరేసరికి ఏమీ ఉండదు. ఈసీజీ మామూలుగా ఉంటుంది, ఎకో మామూలుగా ఉంటుంది. యాంజియోగ్రామ్ ఏ పదకొండు గంటలకో చేస్తారు. అందులో కనిపించేది ఆ పూట, ఆ బల్ల మీద, ప్రశాంతంగా ఉన్న ధమని. అది తెల్లవారుజామున నాలుగింటికి ఏం చేసిందో ఫిల్ము చెప్పదు.

ఇక్కడే అసలు వింత ఉంది. ఈ రోజుల్లో యాంజియోగ్రామ్ ఎక్కువగా మణికట్టు దగ్గరి ధమని నుంచే చేస్తున్నారు. ఆ సన్నటి ధమనిలోకి గొట్టం పోగానే బిగుసుకుంటుందని యాంజియోలు చేసే క్యాథ్ ల్యాబులో టెక్నీషియన్‌కు కూడా తెలుసు. అందుకే గొట్టం పెట్టిన వెంటనే నైట్రోగ్లిజరిన్, దానితోపాటు డిల్టియాజమో వెరాపమిలో సూదితో ఎక్కిస్తారు. ల్యాబుల్లో దాన్ని కాక్‌టెయిల్ అంటారు. ఈ మందులు చేతి ధమనిని ఎలా సడలిస్తాయో గుండె ధమనిని కూడా అలాగే సడలిస్తాయి. కరోనరీ స్పాజానికి వైద్యం ఆ మందులే. అంటే చేతి నాళం పట్టేస్తుందేమోనని ప్రతి రోగికీ ముందు జాగ్రత్త తీసుకుంటున్నారు. ఆ జాగ్రత్తతోనే గుండె నాళంలో దొరకాల్సిన ఆనవాలును కొంత చెరిపేస్తున్నారు. ఆ తర్వాత తెరవైపు చూసి నాళాలు శుభ్రంగా ఉన్నాయంటున్నారు. మణికట్టులో స్పాజాన్ని రోజూ కళ్ళారా చూసే చేతులకు గుండెలో స్పాజం గుర్తుకు రాకపోవడాన్ని అజ్ఞానం అనలేం. దాన్ని వెతకడానికి వాళ్ళకు కారణమేదీ లేకుండా చేసిన ఏర్పాటు ఒకటుంది. ఆ సంగతికి వస్తాం.

ఇదేమైనా నిన్నమొన్న బయటపడిన జబ్బా అంటే అదీ కాదు. లాస్ ఏంజెలెస్‌లో మైరన్ ప్రింజ్‌మెటల్, ఆయన సహచరులు 1959లోనే దీన్ని వర్ణించారు. శ్రమ చేసినప్పుడు కాక విశ్రాంతిలో, తరచుగా రోజూ ఒకే వేళకు వచ్చే నొప్పి. ఆ సమయంలో ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేవడం. మూసుకుపోయేది నాళం బిగువు వల్లనేనని ఆయన ఊహించారు. ఆ బిగువును యాంజియోగ్రామ్‌లో పట్టి చూపినవాళ్ళు 1970ల తొలినాళ్ళలో వచ్చారు. ఇటలీలోని పీసాలో అటీలియో మాసేరి 1970లలో రోగుల పక్కనే రాత్రింబగళ్ళు ఈసీజీ నడిపి, ఇది ఎక్కడో ఒకరికి వచ్చే వింత కాదనీ, దీని నుంచి అసలు గుండెపోటే రావచ్చనీ రాశారు. జపాన్‌లో హిరోఫుమి యసుఎ బృందం ఇంకా ముందుకెళ్ళింది. ఈ రోగులు మధ్యాహ్నం హాయిగా చేయగలిగిన వ్యాయామం తెల్లవారుజామున చేస్తే నొప్పి వస్తుందని చూపింది; గట్టిగా వేగంగా ఊపిరి పీల్పిస్తే స్పాజం వస్తుందని చూపింది; 1986లో ఎసిటైల్‌కోలిన్‌ను నేరుగా కరోనరీ ధమనిలోకి ఎక్కించి స్పాజాన్ని రప్పించే పరీక్షను నిలబెట్టింది. మధ్యాహ్నం ట్రెడ్‌మిల్ ఎక్కించి "టీఎంటీ నెగటివ్" అని రాసే మన ఆస్పత్రులు ఆ మొదటి సంగతినైనా చదివి ఉండాల్సింది.

మూర్ఛపోవడానికీ, లయ తప్పడానికీ వస్తే అమెరికాలోని మయామీ నుంచి 1992లో వచ్చిన రాబర్ట్ మైయర్‌బర్గ్ బృందం వ్యాసం ఒక్కటి చాలు. ఆస్పత్రి బయట గుండె ఆగిపోయి, బతికి బయటపడిన 356 మందిని పరీక్షించగా ఐదుగురిలో అసలు కారణం స్పాజమని తేలింది. వాళ్ళ నాళాల్లో రక్తాన్ని ఆపేంత బ్లాకులు లేవు. అంతకన్నా ముఖ్యం, వాళ్ళకు ఛాతీ నొప్పి అన్నదే రాలేదు. నొప్పి లేకుండానే నాళం బిగుసుకుంది, నొప్పి లేకుండానే గుండె ఆగింది. ఐదు చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ మన ఎమర్జెన్సీ గదుల్లో "ఛాతీ నొప్పి ఉందా?" అన్న ప్రశ్నకు "లేదు" అన్న జవాబు వచ్చిందంటే గుండె సంగతి అక్కడితో మూసేస్తారు. ఆ ఐదుగురూ మన దగ్గర పడిపోయి ఉంటే ఎక్కడికి వెళ్ళేవారో ఊహించడం కష్టం కాదు. గుండె కొన్ని సెకన్లు ఆగినప్పుడు చేతులూ కాళ్ళూ కొట్టుకుంటాయి. చూసినవాళ్ళు తాళాలగుత్తి చేతిలో పెడతారు. పెద్దాసుపత్రిలో ఫిట్స్ అని రాస్తారు. మెదడు తరంగాలు చూసే ఈఈజీ మామూలుగా వచ్చినా ఫిట్స్ మాత్రలు ఏళ్ళ తరబడి నడుస్తాయి.

ఇంత తెలిసి కూడా మన దగ్గర జరగనిది ఏమిటంటే, ముందు అడగడం. ఎన్నింటికి పడిపోయారు? ఏం చేస్తుండగా? రోజూ అదే వేళకా? రాత్రి మందు తాగారా? స్పాజం ఉన్నవాళ్ళకు తాగినప్పుడు కాక కొన్ని గంటలు గడిచాక, మత్తు దిగే వేళకు నాళం పట్టేస్తుంది. పొద్దున్నే కూలబడినవాణ్ణి చూసి "రాత్రిది ఇంకా దిగలేదు" అని నవ్వే ఇళ్ళు మనకు ఎన్నో ఉన్నాయి. చలి ఒక కారణం. కార్తీకంలో తెల్లవారక ముందే చన్నీళ్ళలో మునిగే అలవాటును ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు, కానీ అలా మునిగి లేచినప్పుడల్లా గుండె పట్టేసే మనిషికి ఆ ప్రశ్న వేయాల్సిన బాధ్యత డాక్టరుది. టీవీలో చూసి వేకువనే వేగంగా ఊపిరి కొట్టే కపాలభాతి చేసేవాళ్ళను కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు పది నిమిషాలు పడుతుంది. మన ఓపీల్లో ఒక రోగికి పది నిమిషాలు ఎవరిస్తున్నారు?

అడగకుండా రాసే మందు ఇంకో నేరం. గుండె దడ అన్నా, టెన్షన్ అన్నా, చేతులు వణుకుతున్నాయన్నా, పార్శ్వపు నొప్పి అన్నా ప్రొప్రనలాల్ రాయడం మన దగ్గర అలవాటు. మందుల షాపులో చీటీ లేకున్నా దొరుకుతుంది. కొవ్వు బ్లాకుల వల్ల వచ్చే గుండె నొప్పికి బీటా బ్లాకర్లు మేలు చేస్తాయి. స్పాజంలో, ముఖ్యంగా ప్రొప్రనలాల్ లాంటివి నాళాన్ని ఇంకా బిగించగలవు. పార్శ్వపు నొప్పికి వాడే సుమాట్రిప్టాన్ కూడా ఈ రోగులకు ఇవ్వకూడనిదే. పార్శ్వపు నొప్పి, కరోనరీ స్పాజం ఒకే మనిషిలో కలిసి కనబడటం వైద్యులు నలభై ఏళ్ళుగా ఎరిగిన విషయం. తలనొప్పికి ఒక డాక్టరు, ఛాతీకి ఇంకో డాక్టరు, పడిపోయినందుకు మూడో డాక్టరు. మూడు చీటీలనూ ఒకచోట పెట్టి చూసేవాడు ఒక్కడూ ఉండడు. క్యాన్సర్ వార్డుల్లో 5-ఫ్లోరోయురాసిల్, కాపెసిటబిన్ తీసుకుంటూ ఛాతీ పట్టేస్తోందనే రోగిని కూడా ఇదే వరసలో చేర్చాలి. ఆ మందులూ స్పాజం తెప్పిస్తాయి.

ఇక వెతకడానికి కారణం లేకుండా చేసిన ఏర్పాటు సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి కార్పొరేట్ ఆస్పత్రి గుమ్మం చూపింది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ పథకం ప్రొసీజర్ల జాబితా మీద నిలబడింది. జాబితాలో ఉన్న పనికి రేటుంది, ఆలోచించడానికి లేదు. ప్రైవేటు బీమా కూడా అదే దారిలో పోతోంది. స్టెంటు వేస్తే బిల్లు అవుతుంది. స్టెంటు వేయనక్కర్లేదని తేలిన రోగి ఆస్పత్రి లెక్కల్లో ఖర్చు. ఆ రోగి మీద ఇంకో గంట, ఇంకో పరీక్ష ఎందుకు? అలాగని ప్రతి చోటా వదిలేస్తున్నారనీ కాదు. స్పాజం వచ్చే చోట కొద్దిపాటి కొవ్వు ఉండటం మామూలే. నలభై శాతం, యాభై శాతం అని రాసి అక్కడో స్టెంటు దించేస్తే జబ్బుకు పేరూ పడుతుంది, ఆస్పత్రికి బిల్లూ అవుతుంది. స్పాజం మాత్రం స్టెంటు పక్కనో, మరో నాళంలోనో మళ్ళీ వస్తుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. న్యాయమే. అయితే స్టెంటు ధర తగ్గించిన ప్రభుత్వం, ఆ స్టెంటు అవసరమా అని తేల్చే పరీక్షకు ధర కట్టలేదు.

ఆ పరీక్ష అంత అందనిదా? జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ ఆస్పత్రి వైద్యులు, ఛాతీ నొప్పి ఉండి బ్లాకులు లేవని తేలిన 124 మందికి ఎసిటైల్‌కోలిన్ పరీక్ష చేస్తే 62 శాతం మందిలో పెద్ద నాళంలోనో, యాంజియోలో కనిపించని చిన్న నాళాల్లోనో స్పాజం బయటపడింది. పరీక్ష ప్రమాదకరమన్న వాదనకు కూడా అక్కడే జవాబుంది. 2014లో వాళ్ళు ప్రకటించిన 921 మంది వరసలో పరీక్ష వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు, శాశ్వత నష్టమూ జరగలేదు. నిజమే, ఇది వీధి చివరి క్లినిక్కులో చేసే పని కాదు. నైట్రోగ్లిజరిన్ సూదిలో సిద్ధంగా ఉంచుకుని, షాక్ యంత్రం పక్కన పెట్టుకుని, చెయ్యి తిరిగినవాళ్ళే చేయాలి. స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబులో ఇవన్నీ ముందే ఉన్నాయి. స్పాజాన్ని రప్పించడానికి వాడే రెండో మందు ఎర్గోనోవిన్. దాని సొంత చెల్లెలు మిథైల్‌ఎర్గోమెట్రిన్ మన ప్రసూతి గదుల ఫ్రిజ్‌లో ఉంటుంది, కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి. అది బాలింత గర్భసంచితోపాటు ఎప్పుడైనా గుండె నాళాన్నీ బిగించగలదు కాబట్టి, కాన్పు గదిలో ఛాతీ పట్టేసిందన్న తల్లిని "భయపడింది" అని తోసేయకూడదు. యూరప్ గుండె వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు, మందులకు లొంగని లక్షణాలతో, బ్లాకులు లేకుండా ఉన్న రోగుల్లో ఇలాంటి పరీక్షలు చేయాలని గట్టిగా సిఫారసు చేస్తున్నాయి. జపాన్ వైద్యులు 2008లోనే దీనికి ప్రత్యేక మార్గదర్శకాలు రాసుకున్నారు. మనవాళ్ళు ఏ విదేశీ సదస్సునూ వదలరు. అక్కడి నుంచి కొత్త స్టెంటు వచ్చినంత తొందరగా ఈ పరీక్ష ఎందుకు రాలేదో వాళ్ళే చెప్పాలి.

క్యాథ్ ల్యాబు అందనిచోట హోల్టర్ అందుతుంది. ఇరవై నాలుగు గంటల ఈసీజీ రాసే చిన్న పెట్టె అది. రోజూ ఒకే వేళకు పట్టేసే మనిషికి రెండు మూడు రోజులు తగిలిస్తే తెల్లవారుజామున లేచే ఎస్‌టీ భాగం, దాని వెంటే తప్పే లయ కాగితం మీద దొరికే అవకాశం ఉంది. జిల్లా ఆస్పత్రుల్లో ఈ పెట్టెలుండాలి, వాటిని చదివేవాడూ ఉండాలి. మొదటిది కొనుగోలు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది. రెండోది నియామకం.

ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. బ్లాకులు లేని ఛాతీ నొప్పి వాళ్ళలోనే ఎక్కువ. "టెన్షన్" అన్న ముద్ర కూడా వాళ్ళకే ఎక్కువ. స్పాజానికి అన్నిటికన్నా గట్టిగా రుజువైన కారణం పొగ. ఆ ప్రశ్న మగవాణ్ణి అడుగుతారు, ఆడమనిషిని అడగరు. శ్రీకాకుళం తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలను చూసిన డాక్టరైతే అలా వదిలేయడు. పొగ గురించి ప్రభుత్వాలు మాట్లాడే తీరు మరీ విచిత్రం. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని 2008 అక్టోబర్ 2న నిషేధించిన కేంద్రమే గుంటూరులో పొగాకు బోర్డు నడుపుతోంది. రైతు గిట్టుబాటు ధర ఎవరూ కాదనలేని విషయం. కానీ ఆ ఆకు మీద వచ్చే పన్నులో ఎంత భాగం దానివల్ల పట్టేసిన గుండెలకు ఖర్చవుతోందని ఏ శాసనసభలోనూ గట్టిగా నిలదీయరు. పొగ మానిన స్పాజం రోగికి మందు మెరుగ్గా పనిచేస్తుంది. మాన్పించడానికి మాట సాయం చేసే మనిషి గుండె వార్డులో కనబడడు.

చనిపోయినవాళ్ళ లెక్క ఇంకా ఘోరం. స్పాజం శవంలో మిగలదు. గుండె కోసి చూసినా నాళం తెరిచే ఉంటుంది, గడ్డ ఉండదు, కండరం దెబ్బతిన్న గుర్తు కనబడేంత సమయం కూడా గడిచి ఉండదు. అసలు కోసి చూసేది ఎందరిని? దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. నిద్రలో పోయాడు, పూజ గదిలో ఒరిగిపోయింది, బస్సు దిగి కూలిపోయాడు. అన్నిటికీ కలిపి పత్రికలకు, టీవీలకు "గుండెపోటు" అన్న ఒక్క మాట సరిపోతోంది. డాన్స్ చేస్తూ పడిపోయిన కుర్రాడి వీడియోను వారం రోజులు తిప్పే ఛానళ్ళలో ఆ కుర్రాడు అంతకుముందు ఎప్పుడైనా స్పృహ తప్పాడా అని అడిగిన విలేఖరి కనబడడు. ఆ మరణాలన్నీ స్పాజం వల్లేనని చెప్పడం లేదు. ఏవి కావో తేల్చే పని కూడా ఎవరూ చేయడం లేదంటున్నాం.

ఈ నిర్లక్ష్యాన్ని క్షమించరానిదిగా చేస్తున్నది వైద్యం ఇంత తేలికగా ఉండటం. డిల్టియాజమ్, వెరాపమిల్, ఆమ్లోడిపిన్: కాల్షియం దారిని అడ్డుకుని నాళం గోడ కండరాన్ని సడలించే పాత మందులు, చవకైనవి. ఆమ్లోడిపిన్ బీపీ కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా ఇస్తారు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద నైట్రేట్ మాత్ర. పడుకునే ముందు మందు అందేలా వేళ కుదర్చడం. పొగ మానడం. చాలామందికి ఇంతే చాలు. జపాన్ కరోనరీ స్పాజం సంఘం 1,429 మంది రోగుల రిజిస్ట్రీ పెట్టింది. వాళ్ళలో 35 మంది ఆస్పత్రి బయట గుండె ఆగి బతికినవాళ్ళు. ఐదేళ్ళలో పెద్ద ప్రమాదమేదీ లేకుండా గడిపినవాళ్ళు ఈ గుంపులో 72 శాతం, మిగతావాళ్ళలో 92 శాతం. అంటే సరైన పేరు పడితే అత్యధికులు బాగుంటారు. ఒకసారి గుండె ఆగి బతికినవాళ్ళను మాత్రం విడిగా, గట్టిగా కాచుకోవాలి.

అలాంటివాళ్ళకు ఛాతీలో ఐసీడీ, అంటే లయ తప్పితే తనంతట తానే షాక్ కొట్టే యంత్రం, పెట్టాలా అన్నది వైద్యుల మధ్య ఇంకా నలుగుతున్న చర్చ. ఆ 35 మందిలో 14 మందికి యంత్రం పెట్టారు. ఇద్దరిలో అది ఫిబ్రిలేషన్‌ను సరైన సమయానికి షాక్‌తో ఆపింది. యంత్రం లేనివారిలో ఒకరు అదే ఫిబ్రిలేషన్‌తో పోయారు. కాబట్టి యంత్రం వద్దనడానికి లేదు. కానీ యంత్రం నాళాన్ని సడలించదు. నాళం బిగుసుకునే ఉన్నంతసేపు షాక్ కొట్టినా లయ మళ్ళీ తప్పవచ్చు. లక్షల ఖరీదు చేసే యంత్రం పెట్టించుకున్నవాడు కూడా చవక మాత్ర రోజూ వేసుకోవాల్సిందే, పదేళ్ళుగా ఏ బాధా లేకపోయినా తనంతట తాను ఆపకూడదు. ఆపిన కొద్ది రోజులకే స్పాజం మరింత గట్టిగా తిరిగి రావచ్చు. ఈ సంగతి డిశ్చార్జి రోజున రోగినీ, ఇంట్లోవాళ్ళనూ కూర్చోబెట్టి ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పే పనికి ఏ ప్యాకేజీలోనూ రేటు లేదు.